ఆయుధపూజ నాడు పీకిన వైర్లు

ఇలా రండి. ఇంకాస్త దగ్గరికి జరగండి, నా గొంతు ఎక్కువ దూరం పోదు. మీరు దూరంగా కూర్చుంటే అక్కడిదాకా వైరు లాగాలి, వైరు లాగాలంటే నిచ్చెన ఎక్కాలి, నిచ్చెన ఎక్కితే మా ఆవిడ పైడమ్మ ఊరుకోదు. ఫోను పక్కన పెట్టమని మాత్రం అనను. ఆ ఫోనుకి మేత వేసే పనే నేను ఇన్నాళ్ళూ చేశాను. చెవి ఒక్కటి ఇటు పెట్టండి, చాలు.

నా పేరు అప్పలసూరి. చదువు ఐదో తరగతి, అదీ సగం. చీపురుపల్లి దాటాక రోడ్డు వారనున్న ఒక ఇంజనీరింగు కాలేజీలో వైర్ల పని చేసి రిటైరయ్యాను. అంతకు ముందు ఊళ్ళో కేబుల్ టీవీ వైర్లు లాగేవాణ్ణి. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకి పనికొస్తుంది, రాసిపెట్టు బాబాయ్ అని హైమమ్మ అడిగింది. అందుకే ఎదుట కూర్చుని చెప్పినట్టే రాస్తున్నాను. ఆవిడెవరో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

నా జీతం ఎప్పుడు ఎంత పెరిగిందో, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారో రాయను. నాకవన్నీ గుర్తున్నాయి, కానీ మీకెందుకు? నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి చెబుతాను. మంచి పని ఎవరైనా చేస్తారు. ఇలాంటి తప్పు చెయ్యాలంటే మాత్రం నాలాంటివాడే కావాలి.

డబ్బాలు, కన్నాలు

కాలేజీలో ఒక్కో కంప్యూటరు నుంచి ఒక్కో వైరు గోడలోకి పోతుంది. గోడలో దూరి, సీలింగు మీదుగా పాకి, వైర్లన్నీ మేడ మీద ఒక చిన్న గదికి చేరతాయి. దాన్ని సర్వరు రూము అంటారు. అక్కడ తలుపు లేని ఇనప బీరువాలాంటి దాంట్లో రెండు డబ్బాలు ఉండేవి. డబ్బాకి ఇరవై నాలుగు కన్నాలు, కన్నానికో చిన్న పచ్చ లైటు. చదువుకున్నవాళ్ళు డబ్బాని స్విచ్చి అంటారు, కన్నాన్ని పోర్టు అంటారు. మనింట్లో దీపం వేసే స్విచ్చి కాదిది. ఒక కంప్యూటరు మాట ఇంకో కంప్యూటరుకి అందించేది.

ఏ కన్నంలోది ఏ గదికి పోతుందో నాకు నోటికి వచ్చు. పై డబ్బాలో ఒకటి ప్రిన్సిపాలు గారు, రెండు ఆఫీసు, మూడు ప్రింటరు, నాలుగు లైబ్రరీ, అయిదు నుంచి పరీక్షల లాబు. ఇలా నలభై నాలుగు వైర్లూ దండకంలా చదివేవాణ్ణి. గోడల మీద రాసిన నెంబర్లు సున్నం వేసినప్పుడు పోయాయి. ఆ గది పాత ఇన్‌చార్జి రాసిన పుస్తకం ఆయనతోనే పోయింది. ఇక కాలేజీ మొత్తం మీద ఆ పటం ఉన్నది నా బుర్రలోనే. దాంతో నాకు ఎంత పొగరంటే, ఎవరైనా కాగితం మీద రాసుకుంటానంటే నవ్వేవాణ్ణి.

ఆ పాత ఇన్‌చార్జి మంచి పనివాడు. వెళ్ళిపోయే ముందు నాకు ఒక్క ముక్క చెప్పాడు. "సూరీ, వైరుకి రెండు చివర్లుంటాయి. రెండూ చూడనిదే ముట్టుకోకు." నేను సరేనన్నాను. సరేనన్న మాట కూడా నాకు గుర్తుంది, అదే బాధ.

పైడమ్మ మాట

దసరాకి ఎవరి పనిముట్టుకి వాళ్ళు పూజ చేసుకుంటారు. నేను ఏటా నా కటింగ్ ప్లేయరు, వైరు చివర్లకి క్లిప్పులు నొక్కే టూలు, నిచ్చెన కడిగి బొట్టు పెట్టేవాణ్ణి. సర్వరు రూములో డబ్బాలకి పైపైన ఒక బొట్టు పెట్టి అగరొత్తి తిప్పేవాణ్ణి. ఆ ఏడు పండక్కి ముందు అన్నం పెడుతూ పైడమ్మ అంది:

"ట్రాక్టరోడు ట్రాక్టరు కడిగి పెడతాడు. టైలరు మిషను విప్పి నూని రాసి పెడతాడు. నువ్వేటి, బూజు పట్టిన డబ్బాకి బొట్టెడతావా? అమ్మోరు సూడదనుకున్నావేటి?"

ఆ మాట గుచ్చుకుంది. నిజమే, వైర్ల వెనక బల్లి రెట్టలున్నాయి. అలాంటి చోట పసుపు రాయడం తప్పే.

పూజ రోజు పొద్దున్నే వెళ్ళి, నలభై నాలుగు వైర్లూ పీకేశాను.

పొడి గుడ్డ పెట్టి తుడిచాను. రంగులేసే కుంచెతో కన్నం కన్నం దులిపాను. అగ్గిపుల్లతో ప్రతి కన్నం కిందా చిన్న కుంకం బొట్టు పెట్టాను, నలభై ఎనిమిదికి నలభై ఎనిమిదీ. ఇక వైర్లు మళ్ళీ పెట్టాలి. చూస్తే అవి నేల మీద గుట్టగా పడున్నాయి. నీలం సగం, పసుపు సగం. ఏది లైబ్రరీదో ఏది ఆఫీసుదో వైరు మొహం చూసి చెప్పలేను. అప్పుడు తెలిసింది, నేను ఇన్నేళ్ళూ గుర్తుపెట్టుకున్నది కన్నాన్నే గానీ వైరుని కాదని. పంక్తిలో కూర్చున్న చోటుని బట్టి చుట్టాల్ని గుర్తుపెట్టుకున్నవాణ్ణి, చుట్టాలందర్నీ ఒక్కసారి లేపేశాను.

కంగారు పడ్డానా అంటే, లేదు. అసలు తప్పు అక్కడుంది. కేబుల్ టీవీలో ఒక వైరుని నాలుగిళ్ళకి చీల్చే చిన్న డబ్బా ఉంటుంది. దాని కన్నాలన్నీ ఒకటే. ఎవరిది ఎందులో పెట్టినా అందరికీ అదే సినిమా వస్తుంది. ఇదీ అంతేననుకున్నాను. నీలం వైర్లన్నీ పై డబ్బాకి, పసుపు వైర్లన్నీ కింది డబ్బాకి వరసగా పెట్టేశాను. దూరం నుంచి చూస్తే ఎంత అందంగా ఉందో! ఇన్నాళ్ళూ ఎవడికీ ఈ తెలివి ఎందుకు రాలేదా అనుకున్నాను.

అంతలో కొబ్బరికాయ కొట్టడానికి ప్రిన్సిపాలు గారు వచ్చారు. వెనక వాచ్‌మన్ గవరయ్య, ప్రసాదం పళ్ళెంతో కేంటీన్ గౌరమ్మ. ప్రిన్సిపాలు గారు డబ్బాల్ని చూసి మెచ్చుకున్నారు. తర్వాత కింది డబ్బా వెనక నుంచి వేలాడుతున్న ఒక వైరు చూపించి, "అదేమిటి సూరీ, అదొక్కటి మిగిలిపోయింది?" అన్నారు.

అది పాత ఇన్‌చార్జి వదిలిపెట్టిన వైరు. ఒక చివర కింది డబ్బాలోనే ఉంది, రెండోది గాలిలో ఉంది. నాకు దాని మీద జాలి వేసింది.

"మీ సేత్తో పెట్టండి బాబూ. మంగళకరంగా ఉంటాది," అన్నాను.

ఆయన చెప్పులు విప్పి, మెళ్ళో బంతిపూల దండతో, ఆ చివరని పై డబ్బాలో ఒక ఖాళీ కన్నంలో నొక్కారు.

డబ్బాల మీద లైట్లన్నీ ఒక్కసారి గుప్పుమన్నాయి. అన్నీ కలిసి, ఆగకుండా, టపటపటప! ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ చూడలేదు.

"ఒలమ్మో! అమ్మోరు పలికినాది!" అని గవరయ్య నేల మీద సాష్టాంగపడిపోయాడు. గౌరమ్మ పళ్ళెం కింద పెట్టి లెంపలేసుకుంది. ప్రిన్సిపాలు గారు వైరు మీద నుంచి చెయ్యి తియ్యకుండానే, "ఫోటో తియ్, ఫోటో తియ్" అన్నారు. గవరయ్య లేచి తీశాడు. ఆ ఫోటో ఆయన కాలేజీ గ్రూపులన్నిటికీ పంపించారు. మేము పులిహోర తిని, గదికి తాళం వేసి ఇళ్ళకి పోయాం.

సెలవులు కదా, ఎవరూ నెట్టు వాడలేదు. నాలుగు రోజులు అమ్మవారు అలా పలుకుతూనే ఉంది.

దయ కాదు, జొరం

హైమమ్మది బొబ్బిలి. వాళ్ళ నాన్న వీణలకి తీగలు బిగిస్తాడు, కూతురు కూడా తీగల్లోనే పడింది. మా కాలేజీలో నెట్‌వర్కు ఇంజనీరుగా చేరి మూడు నెలలు. ఆరు నెలలు బాగా చేస్తే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. ఇంటికి దగ్గర, రోజూ బస్సులో వచ్చి పోవచ్చు, అమ్మకి ఒంట్లో బాగోకపోయినా సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. ఆవిడకి ఆ ఉద్యోగం అంత అవసరం.

సెలవుల తర్వాత సోమవారం కాలేజీలో ఎక్కడా నెట్టు లేదు. హైమమ్మ సర్వరు రూము తలుపు తీసి, లైట్ల వంక చూసి ఆగిపోయింది.

"బాబాయ్, ఇవెప్పట్నించి ఇలాగున్నాయి?"

"పూజ కాడ్నించమ్మా. అమ్మోరి దయ."

"దయ కాదు బాబాయ్, జొరం."

రెండు డబ్బాలకీ మధ్య మాట పోవడానికి ఒక వైరు ముందే ఉందట. ప్రిన్సిపాలు గారు పెట్టింది రెండోది. దాంతో ఒక కంప్యూటరు "అందరూ వినండి" అని వేసిన కేక ఈ వైరులో పోయి ఆ వైరులో వచ్చి, మళ్ళీ పోయి మళ్ళీ వచ్చి, గానుగెద్దులా తిరుగుతూనే ఉందట. అలా తిరక్కుండా ఆపే కాపలా డబ్బాలోనే ఉంటుందట గానీ, మావాటికి ఎవరో ఎప్పుడో ఆపేశారు. ఆవిడ ఆ వైరు పీకేసరికి లైట్లు చల్లబడ్డాయి. ఒకటి ఇప్పుడు మినుకు, ఇంకొకటి తర్వాత మినుకు. నాకైతే అమ్మవారు అలిగి వెళ్ళిపోయినట్టు అనిపించింది.

"ఇలాగే ఉండాలి బాబాయ్. ఎవలి పని మీద ఆలు మాటాడుకుంటన్నట్టు," అంది.

హమ్మయ్య అనుకునేలోపు ఫోన్లు మొదలయ్యాయి. ఆఫీసులో ప్రింటు కొడితే ప్రింటరు పలకదు. లైబ్రరీ కంప్యూటరుకి ఆఫీసు ఫైళ్ళు కనిపిస్తున్నాయి. వేలు పెట్టి హాజరు వేసే మిషను ఎవరి వేలూ గుర్తుపట్టడం లేదు, ఆ ఒక్కటీ బాగుచేయొద్దని లెక్చరర్లు బతిమాలారు. పరీక్షల లాబులో ముప్పై కంప్యూటర్లుంటే తొమ్మిదే పనిచేస్తున్నాయి.

సంగతేమిటంటే, చేరిన కొత్తలో ఏ కన్నం ఎవరిదో నన్నే అడిగి, డబ్బా లోపల హైమమ్మ కంచెలు కట్టింది. ఈ కన్నాలు పరీక్షల లాబువి, ఈ కన్నాలు ఆఫీసువి, ఒకరి దొడ్లోకి ఒకరు పోకూడదని. బయటికి కన్నాలన్నీ ఒకేలా ఉంటాయి, లోపల వేరు. నేను రంగు చూసి పెట్టిన వైర్లు ఎవరి దొడ్లోనో పడ్డాయి. ఆ కంచెల సంగతి ఆవిడ చెప్పేదాకా నాకు తెలీదు.

అప్పుడే ప్రిన్సిపాలు గారు వచ్చారు. మా కాలేజీలో ఒక పెద్ద ఆన్‌లైను పరీక్ష పెట్టబోతున్నారు. గురువారం ఆ పరీక్షవాళ్ళు వచ్చి లాబులో ముప్పై కంప్యూటర్లూ నడిపించి చూస్తారు.

"గురువారం ఒక్కటి పనిచెయ్యకపోయినా సెంటరు పోతుంది," అన్నారాయన. "సెంటరు పోతే మీ ఉద్యోగం కూడా బొబ్బిలి బస్సెక్కుతుందమ్మా. అసలు ఇవి ఎవరు కదిపారు?"

నేను నిజం చెబుదామనే నోరు తెరిచాను. నోరు మాత్రం, "ఎలకలు బాబూ," అంది.

"పందికొక్కులండి. ఒక్కోటి ఇంతుంటాది," అని గవరయ్య మోచెయ్యి దాకా చూపించాడు. వాడు నా స్నేహితుడు. అడక్కపోయినా అబద్ధంలో సాయం పడతాడు.

ప్రిన్సిపాలు గారు ఆలోచించి, కేంటీన్ నుంచి గౌరమ్మ పిల్లిని తెప్పించి సర్వరు రూములో పెట్టించారు. అది వచ్చీ రాగానే పై డబ్బా మీదికి ఎక్కి, వెచ్చగా ఉందని పడుకుంది.

చదువుకున్న ఎలకలు

అందరూ వెళ్ళాక హైమమ్మ బీరువా ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"బాబాయ్, నీలం వైర్లన్నీ పైన, పసుప్పచ్చవన్నీ కింద. మీ ఎలకలు బాగా సదువుకున్నట్టున్నాయి."

నేను పిల్లి వంక చూశాను.

"నలభై ఎనిమిది బొట్లు కూడా పెట్టేయి. ఒక్కటీ వంకర పోలేదు."

పిల్లి నా వంక చూడలేదు.

"ఆ ఎలకలికి ఏటైనా సెప్పాలనిపిస్తే, నా కాడికి రావొచ్చని సెప్పు బాబాయ్," అని ఆవిడ లాప్‌టాప్ తెరుచుకుంది.

చెప్పలేదు. రిటైరవడానికి నాకింకా రెండేళ్ళుంది. ఈ ముక్క రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. కానీ మీరు ఈ పనిలోకి వస్తున్నారు కాబట్టి తెలియాలి. కరెంటు కంటే భయం ఎక్కువ దూరం పోతుంది, దానికి వైరు కూడా అక్కర్లేదు.

అడుగుతూనే ఉండే ప్రోగ్రాం

ప్రతి కంప్యూటరుకీ పుట్టుకతో ఒక పేరుంటుందట, మ్యాక్ అడ్రస్ అంటారు. అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిపి పన్నెండు, లారీ నెంబరులాగ. అక్షరాలు ఏ నుంచి ఎఫ్ దాకానే. నాకొచ్చిన ఇంగ్లీషూ అక్కడికే, సరిపోయింది. ఏ కన్నంలోంచి ఏ పేరుగలవాడు మాట్లాడాడో డబ్బా తన దగ్గర రాసుకుంటుంది, ఏ ప్రయాణికుడు ఏ స్టేజీలో ఎక్కాడో బస్సు కండక్టరు గుర్తుంచుకున్నట్టు. అడిగితే చెబుతుంది.

నలభై నాలుగు వైర్లకీ చేత్తో అడిగి రాసుకోవడం అయ్యే పని కాదని, హైమమ్మ ఆ సోమవారమే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసింది. అది తనే రెండు డబ్బాల్లోకీ దూరి, "ఏ కన్నంలో ఎవరున్నారు?" అని అడిగి, జవాబు జాబితా రాస్తుంది. మంగళవారం పొద్దున్న నడిపించింది. నలభై నాలుగు రావాల్సిన చోట పంతొమ్మిది వచ్చాయి.

"మిగతావేవమ్మా?"

"కంప్యూటరు ఆపేసుంటే అది మాటాడదు. కాసేపు మాటాడకపోతే డబ్బా మరిసిపోతాది బాబాయ్."

మాట్లాడించడం నా పని. కాలేజీ అంతా పరుగెత్తి కంప్యూటర్లన్నీ వేసుకుంటూ పోయాను. లైబ్రరీ, ఆఫీసు, మూడంతస్తులూ. చివరి గదికి చేరి రొప్పుతూ ఫోను చేస్తే, "ఇరవై ఒకటి బాబాయ్," అంది. ఏమైందంటే, "వాడనప్పుడు కంప్యూటరు ఆపవలెను" అని ప్రిన్సిపాలు గారి నోటీసు ప్రతి గదిలోనూ ఉంది. నేను ముందు వేసుకుంటూ పోతుంటే, నా వెనకే గవరయ్య నోటీసు ప్రకారం ఆపుకుంటూ వస్తున్నాడు.

"నువ్వెందుకురా ఆపుతన్నావు?"

"నువ్వెందుకురా ఏస్తన్నావు? కరెంటు మీ మావ ఇస్తన్నాడేటి?"

ఇద్దరం మెట్ల మీద కూర్చుని గౌరమ్మ టీ తాగాం. హైమమ్మ అంతా విని నవ్వి, ప్రోగ్రాంలో రెండు ముక్కలు మార్చింది. ఇప్పుడది పది నిమిషాలకోసారి అడుగుతుంది, పాత జవాబు చెరపకుండా కొత్తది దాని పక్కన చేరుస్తుంది. ఎవరు ఎప్పుడు వేసుకున్నా, ఎప్పుడు ఆపుకున్నా, సాయంత్రానికి అందరూ జాబితాలో ఉన్నారు. అందరితో ఒకేసారి మాట్లాడించాలని నేను పరుగులు పెట్టాను. ఆవిడ ఓపిగ్గా అడుగుతూ కూర్చుంది. ఆ ఓపిక ముందు నా కాళ్ళు ఓడిపోయాయి.

కానీ ఆ జాబితాలో పేర్లూ కన్నాలే ఉన్నాయి. ఆ పేరుగల కంప్యూటరు ఏ గదిలో, ఏ బల్ల మీద ఉందో ప్రోగ్రాంకి తెలీదు. అది గోడ దాకానే వస్తుంది. గోడ అవతల తిరగాల్సింది మనిషే.

హైమమ్మ నాకు నల్ల తెర తెరవడం, ఆరు అక్షరాలు కొట్టి ఎంటరు నొక్కడం నేర్పింది. నొక్కితే ఆ కంప్యూటరు తన పేరు చెబుతుంది. కాగితం ఇవ్వబోయింది. అక్కర్లేదన్నాను. చివరి నాలుగూ గుర్తుపెట్టుకుంటే చాలు కదా. లాబులో పన్నెండోది 7బి2ఏ. ఏడుగురు బావలు, ఇద్దరు అత్తలు. పాపం ఆ కంప్యూటరు. ఆఫీసుది 3ఎఫ్00. మూడు ఫేన్లున్నాయి, రెండు తిరగవు. ఇలా ఒక్కోదానికీ ఒక కాపురం కట్టి బుధవారం పొద్దుటికి నలభై మూడూ బుర్రలో పెట్టుకున్నాను.

సర్వరు రూములో నేను చదువుతుంటే ఆవిడ జాబితాలో వెతికి టిక్కు పెడుతోంది. ముప్పయ్యో దాని దగ్గర చదవడం ఆపేశాను.

"ఏటి బాబాయ్, మరిసిపోనావా?"

"మరిసిపోలేదమ్మా. ఎలకని నానే."

ఆవిడ తల ఎత్తలేదు. "తెలుసు బాబాయ్. కుంకం ఎట్టే ఎలక మన జిల్లాలో ఒకటే ఉన్నాది. ముప్పై ఒకటి సెప్పు."

చెప్పాను. కళ్ళు తుడుచుకుని చెప్పాను.

పదకొండు మంది

నలభై మూడు సరిపోయాయి. నలభై నాలుగో వైరున్న కన్నంలో మాత్రం ఒక పేరు కాదు, పదకొండు పేర్లున్నాయి. ఒక కన్నంలో అన్ని పేర్లుంటే, దాని అవతల ఎవరో ఇంకో చిన్న డబ్బా పెట్టుకున్నారని అర్థం. అది మాకు తెలీకుండా, లాబు దొడ్డిలో కూర్చుని ఉంది.

ఆ వైరు వెంట నేను సీలింగు మీద పాకాను. వ్యాయామం మేష్టారి గదిలో తేలాను. బంతుల బస్తా వెనక అయిదు కన్నాల డబ్బాలు నాలుగు, ఒకదానికొకటి తగిలించి, వాటికి పదకొండు లాప్‌టాపులు. మేష్టారు, ఇంకో పదిమంది లెక్చరర్లు క్రికెట్ చూస్తున్నారు. సీలింగు పలక తీసి నేను తల కిందికి పెట్టేసరికి, బ్యాటు పట్టుకుని లేచారు మేష్టారు.

"నువ్వా సూరీ! పందికొక్కు అనుకున్నానురా!"

"అందరూ అదే అంటన్నారండి," అన్నాను.

పిల్లలూ, ఇక్కడొక మాట. ఆ ప్రోగ్రాం ఎవరు ఎక్కడ ఉన్నదీ చెప్పేస్తుంది. ఒక లెక్చరరు గారి లాప్‌టాప్ అయితే రెండ్రోజుల్లో మూడు చోట్ల కనబడింది. ఏసీ ఎక్కడుంటే అక్కడికి చేరేవారాయన. నాకు తెలుసు, నేను ఎవరికీ చెప్పలేదు. వైరు బాగుచెయ్యడానికి చూసినదాన్ని టీ దుకాణంలో వడ్డించకూడదు. ఆ అయిదు కన్నాల డబ్బాలు తీయించాం. ఎందుకు తీయించామో, ఎవరివో ప్రిన్సిపాలు గారికి హైమమ్మా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. మేష్టారు మాత్రం ఆ తర్వాత నేను ఎదురుపడితే విజిల్ వేసి సెల్యూట్ కొట్టేవారు.

నలభై నాలుగూ తెలిశాక, వైర్లన్నీ మళ్ళీ పీకి సర్దుదామన్నాను.

"వద్దు బాబాయ్. అంత అందంగా ఎట్టావు, దాన్ని సెడగొట్టడం ఎందుకు? లోపల కంచెలే మార్సేస్తాను," అంది. ఏ కన్నంలో ఎవరు పడ్డారో ఆ కన్నాన్ని వాళ్ళదిగానే రాసేసింది. పిల్లిని కూడా లేపలేదు.

గురువారం పరీక్షవాళ్ళు వచ్చారు. ముప్పై కంప్యూటర్లూ వేశారు. ముప్పైకి ముప్పైయ్యీ నడిచాయి. ఏడుగురు బావలూ ఇద్దరు అత్తలూ కూడా నోరెత్తలేదు.

లెటరు

అక్కడితో అయిపోయిందనుకున్నాను. శుక్రవారం హైమమ్మని ప్రిన్సిపాలు గారు పిలిచారు. నిచ్చెన పట్టుకుని నేను గుమ్మం దగ్గరే ఉన్నాను.

"సోమవారం కాలేజీ అంతా ఎందుకు ఆగిపోయిందో పైవాళ్ళకి రాయాలమ్మా. ఎవరో ఒకరి పేరుండాలి. ఎలకలు సంతకం పెట్టలేవు కదా. ఆ గది మీ బాధ్యత. మీ అజాగ్రత్త అని మీరే రాసివ్వండి."

అలా రాసిస్తే ఉద్యోగం ఖాయం అవదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఆవిడ నా వంక చూడనైనా చూడలేదు. కాగితం తీసుకుని, పెన్ను మూత తీసింది.

నిచ్చెన కింద పెట్టేశాను. పెద్ద చప్పుడైంది.

"నా పేరు రాయండి బాబూ," అన్నాను. "ఎలకలూ లేవు, పందికొక్కులూ లేవు. పూజకని వైర్లన్నీ పీకినోణ్ణి నాను. రంగు సూసి ఎట్టినోణ్ణి నాను. ఈ అమ్మ ఆ రోజు ఊళ్ళోనే లేదు."

ఆయన కళ్ళజోడు తీశారు. "నువ్వా? అన్నీ నువ్వేనా?"

"అన్నీ నానే బాబూ." అబద్ధాల పని అయిపోయింది కదా, ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామనిపించింది. "ఆకరిదొక్కటే నాను ఎట్టలేదు."

"ఆఖరిదా? కాలేజీ మొత్తం ఆగిపోయింది దేనివల్ల?"

"ఆ ఒక్కదాని వల్లేనండి," అంది హైమమ్మ, మెల్లిగా. "మిగతా వాటి వల్ల కలగాపులగం అయ్యింది గానీ ఆగిపోలేదు."

"అది ఎవడు పెట్టాడు?"

నేను ఆయన ఫోను వంక చూశాను. ఆయనా చూశారు. ఫోను తీసి, వేలితో పైకి తోసుకుంటూ పోయారు. ఆగారు. మెళ్ళో బంతిపూల దండ. చేతిలో పసుపు వైరు. మొహంలో అంత పెద్ద నవ్వు. వెనక లైట్లు మండిపోతున్నాయి. కింద నూట పాతిక మంది దణ్ణాల బొమ్మలు పెట్టారు, అందులో పైవాళ్ళు కూడా ఉన్నారు.



ప్రిన్సిపాలు గారు ఫోను బోర్లా పెట్టారు. హైమమ్మ చేతిలో కాగితం వెనక్కి తీసుకున్నారు. ఆయనే పెన్ను తీసి, చాలాసేపు ఆలోచించి రాశారు. మా ఇద్దరికీ చదివి వినిపించారు. "ఎలుకల వలన అంతరాయం కలిగినది. పిల్లిని నియమించడమైనది."

నేను దణ్ణం పెట్టి నిచ్చెన ఎత్తుకున్నాను. గుమ్మం దాటుతుంటే పిలిచారు.

"సూరీ, వచ్చే ఏడు పూజకి డబ్బా బయట ఒక్క బొట్టు. ఒక్కటే."

"సిత్తం బాబూ. మరి మీరు వస్తారా?"

"కొబ్బరికాయ వరకే వస్తాను," అన్నారు.

బుర్రలోది గోడ మీదికి

హైమమ్మ ఉద్యోగం ఖాయమైంది. నా చివరి రెండేళ్ళూ నేను చేసిన పెద్ద పని ఒక్కటే. ప్రతి వైరుకీ రెండు చివర్లా చీటీ కట్టాను, నలభై నాలుగు వైర్లకి ఎనభై ఎనిమిది చీటీలు. నా బుర్రలో ఉన్నది నాతోపాటు ఇంటికి రాకూడదని. ప్రోగ్రాం ఇప్పటికీ పది నిమిషాలకోసారి అడుగుతూనే ఉందట. జాబితాకీ చీటీకీ తేడా వస్తే హైమమ్మ నాకు ఫోను చేస్తుంది. నేను ఇక్కడ కూర్చునే, "ఇద్దరు అత్తలు ఎక్కడున్నారు?" అని అడుగుతాను. పిల్లి ముసలిదైంది, పై డబ్బా మీదే ఉంది. దాని కూతురు కింది డబ్బా మీద చేరింది.

నాకు వచ్చింది ఇంతే. ఇక లేవండి, పొద్దుపోతోంది, మీ ఇళ్ళల్లో చూస్తుంటారు. మీ ఇంట్లో ఎవరి చోటు వాళ్ళకి ఉండాలి. చోటు మారినవాణ్ణి కూడా పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒకరుండాలి. తప్పు చేసినవాడు చెప్పేదాకా తల ఎత్తకుండా ఆగగలిగే మనిషి మీ గడపలోకి రావాలి. మీ ఇంటి దీపాలు ఒకటి ఇప్పుడు, ఒకటి తర్వాత, ఎవరి పని మీద వాళ్ళు మాట్లాడుకుంటున్నట్టు చల్లగా మినుకుమంటూ ఉండాలి. ఎప్పుడైనా అన్నీ ఒక్కసారి గుప్పుమంటే దణ్ణం పెట్టకండి. ఆఖరున పెట్టిన వైరు పీకేయండి.